లింగర్ జీరో

గోవిందస్వామి శవం రేణిగుంట దాటాక పట్టాల పక్కన దొరికింది. చేతికి వాచీ ఉంది, వేలికి ఉంగరం ఉంది, జేబులో సెల్‌ఫోనూ ఉంది. కుడిచేతి వేళ్ళు మాత్రం ఒక్కొక్కటే విరిచి ఉన్నాయి. రైలు అంత ఓపికగా పనిచేయదు. అయినా కేసు ఆత్మహత్య కింద రాసుకున్నారు. ఆత్మహత్యకైతే ముద్దాయిని వెతికే బాధ ఉండదు.

2004 వేసవి అది. చనిపోయినవాడు ఏర్పేడు దగ్గరి ఒక ట్రాకింగ్ స్టేషన్‌లో సిస్టమ్స్ ఇంజనీరు. గేటు మీద వాతావరణ పరిశీలన కేంద్రమని బోర్డు ఉండేది. చుట్టుపక్కల వేరుశనగ వేసుకునే రైతులు వాన ఎప్పుడు పడుతుందో కనుక్కుందామని వచ్చి, సెంట్రీ చేత తిట్లు తిని వెళ్ళేవాళ్ళు. నిజానికి తీరం నుంచి పరీక్షగా ఎగరేసే క్షిపణులు ఏ దారిన పోతున్నాయో కనిపెట్టడమే దాని పని.

మర్నాడే ఏజెంట్ ధనంజయకు పిలుపు వచ్చింది.

ధనంజయది ఐరాల. చెరుకు, మామిడి పెట్టుకునే రైతు కుటుంబం. ఇంజనీరింగ్ చదివి డిపార్ట్‌మెంట్‌లో చేరి, ఏళ్ళ తరబడి దేశం పేరు చెప్పి అబద్ధాలాడుతూ బతుకుతున్నాడు. ఇంట్లోవాళ్ళు మాత్రం అతను టెలిఫోన్ శాఖలో ఉన్నాడనీ, ఇన్నాళ్ళయినా ప్రమోషన్ తెచ్చుకోలేని చవట అనీ నమ్ముతున్నారు.

తిరుపతి ఆఫీసు ఒక ఇరుకు వీధిలో మేడ మీద ఉంది. కింద 'మూలికా తైలాలు, హోల్‌సేల్' అని బోర్డు. అక్కడ నిజంగానే నూనె అమ్ముతారు. దేశం మొత్తం మీద లాభాల్లో నడుస్తున్న గూఢచారి కార్యాలయం అదొక్కటే. చీఫ్ ఆదిమూలం చిత్తూరు మనిషి. నుదుట విభూతి, మొహాన నవ్వు చెరగవు. ఒకప్పుడు స్వయంగా కోడు రాసినవాడు గనక, ధనంజయ చెప్పేది అర్థమయ్యే ఏకైక పై అధికారి కూడా ఆయనే.

కాఫీ తెప్పించి ఆదిమూలం బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ఆపరేషన్ పేరు 'తలనీలాలు'. స్టేషన్ సర్వర్‌లో ఎవరో ఒక దొంగ ప్రోగ్రాం దాచారు. అది మామూలు రోజుల్లో నిద్రపోతుంది. క్షిపణి పరీక్ష జరిగే రోజున మాత్రమే లేచి, గైడెన్స్ వివరాలున్న ఫైలును తిరుపతిలోని 'పిల్‌గ్రిమ్ లింక్ ట్రావెల్స్'కు పంపుతుంది. ఆ ట్రావెల్స్ యజమాని హోల్ట్ అనే విదేశీయుడు. పంచె కట్టి, నామం పెట్టి, యాత్రికులకు బస్సులు మాట్లాడిపెడుతూ తిరుపతిలో హోల్టుస్వామిగా స్థిరపడ్డాడు. ఆయన వెనక ఉన్న ముఠాకు భక్తి లేదు. గోవిందస్వామి ఆ ప్రోగ్రాంను కనిపెట్టాడు. అందుకే పోయాడు. వచ్చే పరీక్ష శుక్రవారం ఉదయం.

కేబుల్ పీకేస్తే పోలేదా అని ధనంజయ అడిగాడు. పీకడానికి లేదు. క్షిపణి దారి తప్పుతున్నదా లేదా అని తీరానికి చెప్పే సమాచారం కూడా అదే లైన్లో పోతుంది. లైను ఆగితే అక్కడివాళ్ళు రూలు ప్రకారం క్షిపణిని గాల్లోనే పేల్చేస్తారు. పోనీ ప్రోగ్రాంను చంపుదామంటే అదీ కుదరదు. నిద్రలో ఉన్నంతసేపూ అది ఎక్కడుందో దొరకదు, లేచాక చంపినా లాభం లేదు. అప్పటికే సాకెట్‌కు అప్పగించిన సరుకును ఆపరేటింగ్ సిస్టం బుద్ధిగా చేరవేస్తుంది. పోస్టు డబ్బాలో వేశాక రాసినవాడు చచ్చినా ఉత్తరం ఆగదు.

రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవాలంటే ఈ కొసన ఒక సాకెట్, ఆ కొసన ఒక సాకెట్ తెరవాలి. ప్రతి సాకెట్‌కూ కొన్ని సెట్టింగులుంటాయి. ఒక్కసారి ఎంత సరుకు పట్టాలి, అవతలివాడు ఉలక్కుండా ఉంటే ఎంతసేపటికి పలకరించాలి, మూసేటప్పుడు మిగిలిపోయిన సరుకును ఏం చేయాలి, ఇలాంటివి. వాటిని చదవడానికి గెట్‌సాకాప్ట్ అనే ఆజ్ఞ, మార్చడానికి సెట్‌సాకాప్ట్ అనే ఆజ్ఞ ఉన్నాయి. మూసేటప్పటి సంగతి చూసే సెట్టింగు పేరు లింగర్. దాన్ని సున్నా చేసి సాకెట్ మూసేస్తే, పంపకుండా మిగిలినదంతా ఉన్నచోటే మాయమైపోతుంది. ధనంజయ పని అదే. స్టేషన్‌లోకి దూరి, నడుస్తున్న దొంగ ప్రోగ్రాంలోకి, లోపలికి కన్నం వేసే డీబగ్గర్‌తో చొరబడి, లింగర్ జీరో కొట్టి మూసేయాలి.

దాని తర్వాత ఆదిమూలం అసలు చిక్కు చెప్పాడు. అవతలి కొసన మన మనిషి ఒకరున్నారు.

ఆ మధ్యాహ్నమే ధనంజయ కొండెక్కి గుండు కొట్టించుకుని దిగాడు. తిరుపతిలో వేషం వేయాలంటే గడ్డాలూ మీసాలూ అంటించుకోవడం దండగ. గుండుకు చందనం పూసుకుంటే చాలు, కన్నతల్లి కూడా పదివేల గుండ్లలో పోల్చుకోలేదు. బస్టాండు దగ్గరి లాడ్జిలో ఐరాల రైతునని పేరు రాయించి గది తీసుకున్నాడు. అది అబద్ధం కూడా కాదు.

సాయంత్రం ట్రావెల్స్ తరఫున టూర్ ప్యాకేజీ అమ్మడానికి ఒక అమ్మాయి తలుపు తట్టింది. మెరూన్ షిఫాన్ చీర, నల్ల కళ్ళద్దాలు, పెదాలకు రంగు, జడలో మూరెడు కనకాంబరాలు. గదిలో వేడినీళ్ళు వస్తాయా అని ధనంజయ అడిగాడు. బకెట్టు మీదైతే వస్తాయని ఆమె జవాబిచ్చింది. కోడ్ సరిపోయింది. ఆమె కళ్ళద్దాలు తీసి, ఎదురు కుర్చీలో కూర్చుని, కాళ్ళు నొప్పులని చెప్పులు విడిచింది.

ఆమె పేరు ప్రశాంతి. డిపార్ట్‌మెంట్ రహస్యాలు తెచ్చిస్తుందని హోల్ట్ ఆమెకు జీతమిస్తున్నాడు. హోల్ట్ రహస్యాలు తెచ్చిస్తుందని డిపార్ట్‌మెంట్ జీతమిస్తోంది. ట్రావెల్స్‌లో ఆ దొంగ సరుకు అందుకునే కంప్యూటర్ ఆమె చేతికిందే ఉంది.

తన ఉపాయం ఆమె చకచకా చెప్పింది. తన వైపు సాకెట్‌లో రిసీవ్ బఫర్‌ను కుదించి పెడుతుంది. బిందె పెట్టాల్సిన చోట గ్లాసు పెట్టినట్టు. గ్లాసు నిండాలి, వంచాలి, మళ్ళీ పట్టాలి. నిమిషంలో రావాల్సిన ఫైలు చుక్కచుక్కగా వస్తుంది. పైగా దొంగ ప్రోగ్రాం ఆ ఫైలుకు తాళం వేసి పంపుతుంది. తాళంచెవి ఆఖరి ముక్కలో ఉంటుంది. ఆ ముక్క అందకపోతే ముందు అందినదంతా పొట్టు. కాబట్టి ధనంజయకు కావలసినంత సమయం దొరుకుతుంది.

చిక్కల్లా ఆమెకే. ధనంజయ లింగర్ జీరోతో తెంచగానే ట్రావెల్స్‌లో తెర మీద 'అవతలివారు తెంచేశారు' అని పడుతుంది. హోల్ట్ పరుగున వచ్చి ఎందుకింత ఆలస్యమైందో చూస్తాడు. కుదించిన బఫర్ కనిపిస్తుంది. గోవిందస్వామి వేళ్ళు ఏమయ్యాయో ఇద్దరికీ తెలుసు. అంచేత తెంచేముందు ఆమె బయటపడాలి. హోల్ట్ ఎదుట ఫోన్ మోగకూడదు గనక దానికొక గుర్తు పెట్టుకున్నారు. పంపే ప్రతి ప్యాకెట్ కవరు మీదా చిన్న ముద్ర ఒకటుంటుంది; దాన్ని మార్చే సెట్టింగు కూడా సాకెట్‌లోనే ఉంది. లోపలి ఉత్తరం మారదు, ముద్ర మారుతుంది. ధనంజయ ముద్ర మార్చగానే ఆమె కనిపెట్టి, వెనక మెట్ల మీదుగా సందులోకి దిగిపోతుంది. సందులో ఆదిమూలం జీపు ఉంటుంది.

వెళ్ళేముందు ఆమె ఇంకో సంగతి చెప్పింది. హోల్ట్‌కు సరుకు అమ్ముతున్నది మన ఆఫీసులోని మనిషే. ఆ ప్రోగ్రాం రాసింది కూడా వాడే. పేరు ఇంకా తెలియలేదు గానీ, తాను దగ్గరకు వచ్చేసింది. ఆ మాట రిపోర్టులో రాసి పంపింది కూడా.

చెప్పులు వేసుకుంటూ తలెత్తకుండా అంది. "అన్నా, ఈ పని అయినాక నాకొక కాగితం కావల్ల."

"ఏం కాగితం?"

"మా నాయన చిత్తూరులో బెల్లం మండీలో ఉండాడు. తెల్లోని జతకు తిరిగే పిల్ల అని ఆయన ముందరే అంటా ఉండారంట. ఆయన గమ్మున వింటా ఉండాడు. ఈ పిల్ల మా మనిషే, సర్కారు పనే చేసిందని రాసిస్తే సాలు. నేనుండినా లేకపోయినా ఆ కాగితం ఆయనకు అందల్ల."

"రాయిస్తాను," అన్నాడు ధనంజయ. ఈ ఉద్యోగంలో అతను చెప్పిన అబద్ధాలకు లెక్కలేదు గానీ, ఈ మాట మాత్రం మనస్ఫూర్తిగా అన్నాడు.

శుక్రవారం ఉదయం ఏసీ మెకానిక్ డ్రెస్సులో స్టేషన్ గేటు దగ్గర దిగాడు. సెంట్రీ టోపీ తీయమన్నాడు. గుండు చూసి మెత్తబడి, దర్శనం బాగా అయిందా అని అడిగాడు. ధనంజయ సంచీలోంచి చిన్న లడ్డు తీసిచ్చాడు. సెంట్రీ కళ్ళకద్దుకుని గేటు తీశాడు. దొంగ ఐడీ కార్డు కోసం డిపార్ట్‌మెంట్ పెట్టిన ఖర్చంతా వృథా అయింది.

సర్వర్ గదిలో ఏసీ మూత ఊడదీసి పక్కన పెట్టి, ల్యాప్‌టాప్ తగిలించాడు. చొక్కా బొత్తాంలో మైకు, చెవిలో రిసీవరు. అవతల సందులో జీపులోంచి ఆదిమూలం గొంతు వినిపిస్తోంది. పక్క హాల్లో శాస్త్రవేత్తలు కౌంట్‌డౌన్ చదువుతున్నారు. క్షిపణి లేచింది. లేచిన మరుక్షణం తెర మీద కొత్త సాకెట్ ఒకటి పుట్టింది. దొంగ ప్రోగ్రాం కళ్ళు తెరిచింది.

పంపాల్సి మిగిలిన బైట్లు ఎన్నో తెర మీద కనిపిస్తున్నాయి. అంకె తగ్గుతోంది, కానీ నత్తనడకన. ప్రశాంతి గ్లాసు పట్టింది. ధనంజయ డీబగ్గర్‌తో ప్రోగ్రాంలోకి చొరబడ్డాడు.

ఈ పనిలో ఎవరైనా ముందు చదువుతారు. ఏ సెట్టింగు ఏ విలువతో ఉందో చూసుకుని, తర్వాత చెయ్యి పెడతారు. ధనంజయ వేళ్ళు అలవాటు కొద్దీ గెట్‌సాకాప్ట్ మీదికే పోయాయి. చెవిలో ఆదిమూలం ఆపాడు.

"ముందు గుర్తు మార్చప్పా. ఆ పిల్లను దిగనీ. సదివేది తర్వాత తీరిగ్గా సదువుకో."

మాట న్యాయంగానే తోచింది. ఆడపిల్ల ప్రాణం ముందు. పైగా చీఫ్ మాట. ధనంజయ ముద్ర మార్చాడు. ఏర్పేడు నుంచి పోయే ప్రతి ప్యాకెట్ కొత్త ముద్రతో తిరుపతికి బయల్దేరింది. ఆమె చూసి ఉంటుంది, లేచి ఉంటుంది, హ్యాండ్‌బ్యాగు తీసుకుని వెనక మెట్ల వైపు నడుస్తూ ఉంటుంది. అతనికి కాస్త ఊపిరాడింది.

అప్పుడు చదవడం మొదలుపెట్టాడు.

అవతలివాడు ఉలక్కుండా ఉంటే ఎన్ని సెకన్లకు పలకరించాలి? 116.

మూసేటప్పుడు మిగిలిన సరుకు కోసం ఎన్ని సెకన్లు కాచుకోవాలి? 516.

జవాబు కోసం ఎన్ని సెకన్లు ఎదురుచూసి వదిలేయాలి? 1116.

ధనంజయ చెయ్యి ఆగిపోయింది. లోకంలో ఏ ప్రోగ్రామరూ ఈ అంకెలు వేయడు. అరవై వేస్తాడు, నూట ఇరవై వేస్తాడు, వెయ్యిన్ని ఇరవైనాలుగు వేస్తాడు. నూటపదహార్లు వేసేది పెళ్ళి కవర్లో పెట్టే తెలుగువాడు. సున్నాతో ముగిస్తే అక్కడితో ఆగిపోతుందని భయపడేవాడు. విదేశీ ముఠా రాసిన ప్రోగ్రాంలో మన ఇళ్ళల్లోని శకునం కూర్చుని ఉంది.

ఆ భయాన్ని పెళ్ళి పందిట్లోంచి తెచ్చి సాకెట్‌లో పెట్టేవాడు డిపార్ట్‌మెంట్ మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. చేరిన కొత్తలో ధనంజయ ఒక ప్రోగ్రాంలో నూట ఇరవై అని రాస్తే, భుజం మీద చెయ్యేసి దిద్దించాడు. శుభమా అని పని మొదలుపెడుతూ సున్నా ఎందుకప్పా, పదహారు పెట్టు అని నవ్వాడు. ఆ రోజు ధనంజయ ఆ పెద్దమనిషి అమాయకత్వానికి ముచ్చటపడ్డాడు కూడా.

ఇప్పుడు ఆ పెద్దమనిషి సందులో జీపు పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మినవాడి పేరు కనిపెట్టబోతున్నానని ప్రశాంతి రిపోర్టు పంపింది ఆయనకే. గోవిందస్వామి పోవడంతో ఢిల్లీకి లీకు సంగతి తెలిసిపోయింది గనక ఎవరో ఒకరు దొంగగా దొరకాలి. దొరికినవాళ్ళు నోరు విప్పకూడదు. ముందు గుర్తు మార్చమన్నది ఆమెను కాపాడటానికి కాదు, మెట్లు దింపడానికి.

ధనంజయ ముద్రను మళ్ళీ పాతదానికి మార్చాడు. మార్చి, మళ్ళీ కొత్తది పెట్టి, మళ్ళీ పాతది పెట్టాడు. ఎవరైనా చూస్తుంటే ఏదో జరిగిందని అర్థమవుతుంది. చూసే మనిషి కుర్చీలోంచి లేచిపోయింది. ఆమె సెల్‌కు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. తెర మీద అంకె నింపాదిగా తగ్గుతూనే ఉంది.

మైకులో వీలైనంత మామూలుగా అడిగాడు. "సార్, ఆ పిల్ల వచ్చిందా?"

"వస్తా ఉండాది. నువ్వు తెంచు."

"ఒకసారి మాట్లాడించండి. ఆమె గొంతు వింటే తెంచుతాను. లేకుంటే ఈ ఫైలు పోతే పోనీ."

అవతల ఆదిమూలం మెల్లగా నవ్వాడు. కోపం లేదు, కంగారు లేదు.

"ఐరాల రైతుబిడ్డవు నువ్వు. నీళ్ళు వృథాగా పారతా ఉంటే మడవ కట్టకుండా సూస్తా కూసోలేవు. నీ సంగతి నాకు తెలీదా అప్పా?"

నిజమే. మనిషిని చదవడంలో ఆదిమూలాన్ని మించినవాడు లేడు. ఎటైనా సాక్షి పోతుంది; తెంచితే ముఠాను పట్టిన పేరొస్తుంది, ఆయనకు మేలు. తెంచకపోతే ఫైలు పోతుంది, అప్పుడూ ఆయనకు మేలే. ధనంజయ చేతిలో ఉన్నది ఒక్క సెట్టింగు. ఆమెను ఆపడానికి అది పనికిరాదు. ఇంకాసేపు ఆగితే ఆమె ఎక్కడైనా తడబడుతుందేమో, మెట్ల మీద హోల్ట్ మనిషి ఎదురైతే వెనక్కి తిరుగుతుందేమో, సెల్ చూసుకుంటుందేమో. ఆ ఆశతో అతను లింగర్ మీద వేలు పెట్టి కూర్చున్నాడు. మూడుసార్లు మళ్ళీ ఫోన్ చేశాడు.

పక్క హాల్లో క్షిపణి సరైన దారిలో ఉందని ఎవరో గట్టిగా చదువుతున్నారు. తెర మీద అంకె నాలుగు అంకెల్లోకి, తర్వాత మూడు అంకెల్లోకి దిగింది. ఇక మిగిలింది తాళంచెవి ఉన్న ఆఖరి ముక్క. అది సాకెట్ గడప మీద ఉంది.

చెవిలో ఏదో పేలిన చప్పుడు వినిపించింది. ఒక్కసారే.

ధనంజయ 516 తీసి సున్నా పెట్టాడు. మూసేశాడు. తెర మీద అంకె మాయమైంది. ఆఖరి ముక్క గడప దాటలేదు. దొంగ ప్రోగ్రాం దిక్కుతోచక తనంతట తానే చచ్చింది. పక్క హాల్లో చప్పట్లు మోగాయి. క్షిపణి గురి తప్పకుండా సముద్రంలో దిగింది. ఎవరో తలుపు తీసి, ఏసీ బాగయిందా తమ్ముడూ అని అడిగారు. బాగయిందని చెప్పి అతను మూత బిగించాడు.

వ్యాను నడుపుకుంటూ తిరుపతి చేరేసరికి సందు నిండా జనం. ప్రశాంతి మీద ట్రావెల్స్ బస్సు పరదా కప్పారు. పరదా కింద నుంచి ఒక చెయ్యి బయటికి ఉంది. చేతిలో స్కూటీ తాళాలు. పక్కన పిస్తోలు పడి ఉంది. ఆమెకు డిపార్ట్‌మెంట్ ఏనాడూ పిస్తోలు ఇవ్వలేదని ధనంజయకు తెలుసు. హోల్టుస్వామి అప్పటికే మద్రాసు బండెక్కేశాడు. రైల్వేస్టేషన్‌కు ఎవరినైనా పంపాలని చీఫ్‌కు తోచలేదట.

ఆదిమూలం సందు మొదట్లోని ఒక లాడ్జి అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. పారిపోతుంటే ఆగమన్నాననీ, ఆగకుండా తుపాకీ తీసిందనీ, ఇన్నాళ్ళూ మనల్ని మోసం చేసింది ఈవిడేననీ చుట్టూ ఉన్న పోలీసులకు చెప్పి ముగించాడు. వాళ్ళు పక్కకు వెళ్ళాక ధనంజయ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"నూటపదహారు," అన్నాడు.

ఆదిమూలం గ్లాసు కింద పెట్టాడు. అతని మొహం కేసి చూసి అడిగాడు. "నువ్వు పెళ్ళికి పోతే కవర్లో ఎంత పెడతావప్పా?"

ధనంజయ పెట్టేదీ నూటపదహారే.

"అయితే నువ్వు కూడా దొంగవే," అని లేచి, భుజం తట్టి, జీపెక్కాడు.

ధనంజయ ఊరుకోలేదు. చదివిన విలువలన్నీ ప్రింటు తీసి, ఢిల్లీ వెళ్ళి విచారణ అధికారి ముందు పెట్టాడు. ఆ అధికారి ఉత్తరాది మనిషి, మర్యాదస్తుడు. ఈ అంకెల్లో విశేషం ఏమిటని శ్రద్ధగానే అడిగాడు. పెళ్ళిళ్ళ గురించి, కవర్ల గురించి, సున్నా అంటే ఉండే జంకు గురించి ధనంజయ ఇంగ్లీషులో వివరించాడు. చెబుతుంటే తన చెవులకే అది కాకమ్మ కథలా వినిపించింది. మా వైపు నూటొక్క రూపాయి ఇస్తారు అని అధికారి ఆసక్తిగా చెప్పాడు. తర్వాత కాగితం పక్కన పెట్టి, ప్రాంతీయ ఆచారాన్ని సాక్ష్యంగా స్వీకరించే నిబంధన లేదన్నాడు. అంతగా అయితే తెలుగువాళ్ళు ఎన్ని కోట్లమంది అని కూడా అడిగాడు.

ఫైలు మూశారు. విదేశీ ముఠా పన్నాగం భగ్నం, అందులో పాలుపంచుకున్న ప్రశాంతి అనే ద్రోహి ఎదురుకాల్పుల్లో మరణం అని రాశారు. ధనంజయకు ప్రశంసాపత్రం వచ్చింది. ఆదిమూలానికి ఢిల్లీలో పెద్ద పదవి వచ్చింది. ఇంటిదొంగను పట్టినవాడు గనక అంతర్గత భద్రత, పాత ఫైళ్ళ సమీక్ష ఆయనకే అప్పజెప్పారు.

వానలు మొదలయ్యాక ఒకరోజు ధనంజయ చిత్తూరు బెల్లం మండీకి వెళ్ళాడు. తల మీద జుట్టు ఇంకా సరిగా రాలేదు. ప్రశాంతి తండ్రి మునిరామయ్య బెల్లం దిమ్మెల మధ్య గోనె పరుచుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన దగ్గరికి ఎవరూ బేరానికి రావడం లేదు. చుట్టుపక్కల కొట్ల ముందు మాత్రం జనం ఉన్నారు. కూతురితో కలిసి పనిచేసినవాణ్ణని ధనంజయ చెప్పాడు. ముసలాయన గోనె మీద చోటిచ్చి, బెల్లం మీది ఈగలు తోలాడు.

"మా పాప దొంగతనం చేసిందా సామీ?"

"లేదు. దొంగను పట్టబోయి పోయింది."

"నువ్వు సెప్తే నాకు సాలు. నేను నమ్మతా." ఆయన అటూ ఇటూ కొట్ల వైపు చూశాడు. "అట్లని యాడన్నా రాసుండారా?"

ధనంజయ ఆ గోనె మీద కూర్చుని, తన ఉద్యోగాన్ని, తన చదువును, సందులోని ఆ జీపును, అన్నిటికంటే ఎక్కువగా చీఫ్ చెప్పాడని ముందు మార్చి తర్వాత చదివిన తన వేళ్ళను అసహ్యించుకున్నాడు. రాయిస్తానని చెప్పి లేచాడు. తండ్రికీ కూతురికీ ఒకే మాట ఇచ్చాడు.

రాత్రుళ్ళు కూర్చోలేదు, ఆవేశపడలేదు. ఆఫీసు వేళల్లోనే, ఆఫీసు కాగితం మీదే, నిబంధనల ప్రకారం అర్జీ రాశాడు. మృతురాలు డిపార్ట్‌మెంట్ ఆదేశాల మీదే పనిచేసింది, ఆమె బఫర్‌ను కుదించకపోతే ఫైలు నిమిషంలో పోయేది, కాబట్టి రికార్డులో 'ద్రోహి' అన్న ఒక్క మాట మార్చవలసిందని కోరాడు. అంకెల ఊసు ఎత్తలేదు. ఎవరి మీదా నింద వేయలేదు. ఆమె పేరు పక్కన ఒక్క మాట మారితే చాలనుకున్నాడు. అర్జీ మెట్టు మెట్టుకూ సంతకాలు వేయించుకుంటూ, ఫైళ్ళను మార్చే అధికారం ఉన్న ఏకైక బల్ల దగ్గరికి చేరింది. అది ఎవరి బల్లో ధనంజయకు తెలియక కాదు. ఇంకో దారి లేదు.

చాన్నాళ్ళకు అర్జీ తిరిగొచ్చింది. అడుగున ఆకుపచ్చ సిరాతో, ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలతో రెండు ముక్కలు రాసి, కింద ఆదిమూలం సంతకం పెట్టాడు.

'చదివాను. మార్చవలసినది లేదు.'

చిత్తూరు బస్సు ఎక్కి ఆ ముసలాయనకు ఏం చెప్పాలో ధనంజయకు తోచలేదు. ఒక్క విషయం మాత్రం ఒప్పుకోక తప్పలేదు. ఆదిమూలం ఈసారి పని సరైన వరుసలోనే చేశాడు. ముందు చదివాడు.